సర్వ్‌లో బంతి ఎంత ముందుకు వేయాలి: చలికాలం ప్రాజెక్టు డైరీ

నవంబరు, మొదటి వారం

టెన్నిస్‌లో అవతలివాడితో సంబంధం లేకుండా మనం కొట్టే షాట్, పాయింటును మొదలుపెట్టే సర్వ్ ఒక్కటే. బంతి మన చేతిలోనే ఉంటుంది. ఎగరేశాక నచ్చకపోతే కొట్టకుండా వదిలేసి మళ్లీ వేసుకోవచ్చు, రూల్స్ ప్రకారం అది ఫాల్ట్ (తప్పు సర్వ్) కాదు. రాకెట్ ఊపి బంతిని తప్పితేనే ఫాల్ట్. ఇంత వెసులుబాటు ఉన్న షాట్‌లోనే మా విశాఖ కోర్టులో పొద్దున్న ఆడేవాళ్లం ఎక్కువ పాయింట్లు వదిలేసుకుంటున్నాం. అందుకే ఈ చలికాలమంతా ఒకే ప్రశ్న మీద పని చేయాలనుకున్నాను. టాస్ వేసినప్పుడు, అంటే కొట్టడానికి బంతిని పైకి ఎగరేసినప్పుడు, అది బేస్‌లైన్ (మనం నిలబడే కోర్టు వెనక గీత) దాటి ఎంత లోపలికి ఉండాలి?

అడిగితే తలా ఒక మాట చెబుతున్నారు. ఒకాయన "బాగా ముందుకెయ్యి, ఒంటి బరువంతా బాల్ మీద పడాలి" అంటారు. ఇంకొకాయన ముందు కాలి బొటనవేలికి సరిగ్గా పైన ఉండాలంటారు. మూడో ఆయన లెక్క చెయ్యి చాపినంత లోపలికి. ముగ్గురూ బాగానే సర్వ్ చేస్తారు, కాబట్టి ఎవరి మాటా కొట్టిపారేయడానికి లేదు. కానీ ముగ్గురి ఎత్తులు వేరు, కాళ్లు వాడే తీరు వేరు. నాకు కావాల్సింది నా ఒంటికి సరిపడే కొలత.

నావైపు వివరాలు: కుడిచేతి వాటం, ఎత్తు 170 సెంటీమీటర్లు, మామూలు 27 అంగుళాల రాకెట్, కాంటినెంటల్ గ్రిప్ (సుత్తి పట్టుకున్నట్టు రాకెట్ పట్టుకునే తీరు). గోడ పక్కన మునివేళ్ల మీద నిలబడి, రాకెట్ పూర్తిగా పైకి చాపి, స్ట్రింగ్స్ మధ్యభాగం తాకిన చోట చాక్‌పీస్‌తో గీత పెట్టి టేపుతో కొలిచాను. 2.55 మీటర్లు వచ్చింది. ఇకముందు లెక్కలన్నీ దీని మీదే.

నవంబరు, రెండో వారం

కోర్టుకు వెళ్లకుండా కాగితం మీదే పని చేసిన వారం ఇది. వానలు కూడా కలిసొచ్చాయి.

కోర్టు కొలతలు అందరికీ ఒకటే. బేస్‌లైన్ నుంచి నెట్‌కు 11.89 మీటర్లు. నెట్ నుంచి అవతలి సర్వీస్ లైన్‌కు 6.40 మీటర్లు, సర్వ్ పడాల్సిన బాక్సు ఆ రెంటి మధ్యే. నెట్ ఎత్తు మధ్యలో 91.4 సెంటీమీటర్లు. ఫ్లాట్‌గా, అంటే స్పిన్ లేకుండా, బలంగా కొట్టిన బంతి తిన్నగా గీత గీసినట్టు పోతుందనుకుందాం. నిజానికి భూమి దాన్ని కిందికి లాగుతుంది, టాప్‌స్పిన్ (బంతి ముందుకు దొర్లుతున్నట్టు తిరగడం) ఉంటే ఇంకా కిందికి దిగుతుంది. కానీ రెండు టాస్‌లను పోల్చుకోవడానికి ఈ తిన్నని గీత లెక్క చాలు.

సరిగ్గా బేస్‌లైన్‌కు పైన, 2.55 మీటర్ల ఎత్తులో కొట్టిన బంతి నెట్ అంచును రాసుకుంటూ దాటితే, నెట్‌కు 6.64 మీటర్ల దూరంలో నేల తాకుతుంది. బాక్సు 6.40 దగ్గరే అయిపోతుంది. అంటే నా ఎత్తున్నవాడు బేస్‌లైన్ మీద నిలువుగా నిలబడి తిన్నగా కొట్టే సర్వ్ ఎంత బాగా కొట్టినా 24 సెంటీమీటర్లు బయటే పడుతుంది. దాన్ని లోపలికి తెచ్చేది గురుత్వాకర్షణ, స్పిన్. పొట్టివాళ్లకు స్పిన్ ఎందుకంత అవసరమో ఈ ఒక్క లెక్కలోనే ఉంది. 208 సెంటీమీటర్ల జాన్ ఇస్నర్, 211 సెంటీమీటర్ల ఇవో కార్లోవిచ్ లాంటి పొడుగు ఆటగాళ్లు బంతిని మూడు మీటర్లకు పైనే అందుకునేవాళ్లు. 3.1 మీటర్ల దగ్గర ఇదే లెక్క వేస్తే బంతి 4.97 మీటర్ల దగ్గరే పడుతుంది. అలాంటివాళ్లకు బాక్సులో దాదాపు మీటరున్నర చోటు మిగులుతుంది.

ఇక నా ప్రశ్న. అదే 2.55 ఎత్తులో, కానీ బేస్‌లైన్‌కు అర మీటరు లోపల కొడితే? బంతి 6.36 దగ్గర పడుతుంది. బాక్సులోకి వచ్చేసింది. లాభం 28 సెంటీమీటర్లు.

ముందుకు జరగకుండా, ఉన్నచోటే మరో పది సెంటీమీటర్లు పైన కొడితే? 6.26 దగ్గర పడుతుంది. లాభం 38 సెంటీమీటర్లు.

ఈ రెండు అంకెలను పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూశాను. అర మీటరు ముందుకు వెళ్లి సంపాదించే దానికంటే బెత్తెడు పైకి అందుకుని సంపాదించేదే ఎక్కువ.

నవంబరు, మూడో వారం

అసలు చిక్కు ఇక్కడే ఉంది. బంతిని ముందుకు వేసే కొద్దీ, దాన్ని అందుకోవడానికి చెయ్యి ముందుకు వాలుతుంది. వాలిన చెయ్యి ఎత్తు కోల్పోతుంది.

నా భుజం కీలు నుంచి స్ట్రింగ్స్ మధ్యకు సుమారు 110 సెంటీమీటర్లు. భుజం కదలకుండా ఉందనుకుంటే చెయ్యి, రాకెట్ కలిసి ఒక వృత్తంలో తిరుగుతాయి. బంతి భుజానికి 30 సెంటీమీటర్లు ముందుంటే ఎత్తులో పోయేది 4 సెంటీమీటర్లే. 50 ముందుంటే 12 పోతాయి. 70 ముందుంటే ఏకంగా 25. నష్టం దూరంతో సమానంగా పెరగడం లేదు, వేగంగా పెరుగుతోంది.

ఆ తగ్గిన ఎత్తులు పెట్టి పాత లెక్క మళ్లీ వేశాను. 30 సెంటీమీటర్ల దగ్గర బంతి పడేది 6.64 మీటర్లు, అంటే బేస్‌లైన్‌కు పైన నిలువుగా కొట్టినంతే. ముందుకు జరిగిన లాభమూ, ఎత్తు తగ్గిన నష్టమూ చెల్లుకు చెల్లు. 50 దగ్గర 6.87. 70 దగ్గర 7.38, అంటే బాక్సు దాటి దాదాపు మీటరు బయట. చెయ్యి చాచి ముందుకు అందుకున్న ప్రతి సర్వ్ కోర్టును చిన్నది చేస్తోంది.

వాలు సంగతి కూడా చూడాలి. నా ఎత్తు నుంచి బంతి నెట్ మీదుగా వెళ్లాల్సిన వాలు కిందికి సుమారు 8 డిగ్రీలే. బంతి భుజానికి 30 సెంటీమీటర్లు ముందుంటే చెయ్యి నిలువుకు 16 డిగ్రీలు వాలుతుంది. 70 ముందుంటే 40 డిగ్రీలు. రాకెట్ ముఖం కూడా దాంతోపాటే నేల చూస్తుంది. అలా కొడితే బంతి నెట్‌కే. లేదా మణికట్టును వెనక్కి వంచి ముఖం నిలబెట్టుకోవాలి, అలా చేస్తే ఊపులో ఉన్న వేగం అక్కడే చస్తుంది. మరీ వెనక్కి, తల మీదికి వేస్తే దీనికి పూర్తి వ్యతిరేకం. ముఖం ఇంకా ఆకాశం వైపే ఉండగా బంతి తగిలి అవతలి బేస్‌లైన్ దాకా పోతుంది. కాబట్టి మా కోర్టులో వరసగా నెట్‌కు కొడుతున్నవాళ్లను చూస్తే నా మొదటి అనుమానం టాస్ మరీ ముందుందేమోనని. వరసగా పొడవు పోతుంటే టాస్ వెనకుందేమోనని. ఎప్పుడూ ఇదే కారణం కాకపోవచ్చు, కానీ ముందు చూడాల్సింది ఇదే.

అలాంటప్పుడు పెద్ద ఆటగాళ్లంతా బేస్‌లైన్‌కు బాగా లోపలికి ఎందుకు వేస్తారు? వాళ్ల వీడియోలు ఆపి ఆపి చూస్తే సమాధానం దొరుకుతుంది. బంతి బేస్‌లైన్‌కు దూరంగా ఉంటుంది గానీ భుజానికి దగ్గరగానే ఉంటుంది. తుంటి ముందుకు వెళ్లి, మోకాళ్లు విచ్చుకుని, మనిషే గాల్లో లేచి కోర్టు లోపలికి వెళుతున్నాడు. భుజం అక్కడికి చేరాక చెయ్యి దాదాపు నిలువుగానే బంతిని అందుకుంటోంది. కుడిచేతివాళ్లు ఆ తర్వాత ఎడమ కాలి మీద కోర్టు లోపల దిగుతారు. ముందుకు వెళ్లిన దూరాన్ని ఇచ్చింది కాళ్లు, చెయ్యి కాదు. ఎత్తు పోలేదు సరికదా, గెంతు వల్ల పెరిగింది కూడా.

అందుకని నా ప్రశ్ననే మార్చుకున్నాను. బంతి బేస్‌లైన్‌కు ఎంత ముందుండాలి అని కాదు. కొట్టే క్షణానికి నా భుజం ఎక్కడుంటుందో, దానికి ఎంత ముందుండాలి?

డిసెంబరు మొదట్లో

కోర్టులో పని మొదలు. చాలామంది నేర్పే కసరత్తుతోనే మొదలుపెట్టాను. ముందు కాలి దగ్గర రాకెట్‌ను నేల మీద పడుకోబెట్టి, టాస్ వేసి కొట్టకుండా వదిలేసి, బంతి రాకెట్ తల మీద పడేలా చూసుకోవడం. కసరత్తు మంచిదే. కానీ నేల మీద పడిన చోటును కొట్టే చోటు అనుకోకూడదు. బంతి నిలువుగా పైకెళ్లి నిలువుగా కింద పడదు, ఎగురుతున్నంతసేపూ కొంచెం కొంచెం ముందుకు పోతూనే ఉంటుంది.

నా టాస్ చేతి నుంచి సుమారు 1.8 మీటర్ల ఎత్తులో విడిపోయి 3 మీటర్ల దాకా లేస్తుంది. పైకి వెళ్లడానికి అర సెకను, అక్కడి నుంచి కొట్టే ఎత్తుకు దిగడానికి 0.3 సెకను. కొట్టకుండా వదిలేస్తే నేల చేరడానికి మరో అర సెకను దాకా పడుతుంది. మొత్తం ప్రయాణంలో కొట్టే క్షణం దాదాపు 60 శాతం దగ్గర వస్తుందన్నమాట. బంతి చెయ్యి వదిలిన చోటు నుంచి 80 సెంటీమీటర్ల దూరంలో నేల మీద పడితే, కొట్టేటప్పుడు అది ఉన్నది 50 సెంటీమీటర్ల దగ్గరే. ఎంత ముందుకు వేయాలన్న సలహాల్లో తేడాలు ఎందుకొస్తాయో దీనితో కొంత అర్థమైంది. ఒకరు నేల మీద గుర్తును చెబుతున్నారు, ఇంకొకరు గాల్లో చోటును.

నేల మీద కొలత ముందు కాలి బొటనవేలి నుంచి తీసుకుంటున్నాను. చాక్‌పీస్‌తో 40, 60, 80 సెంటీమీటర్ల దగ్గర అడ్డగీతలు. డబుల్స్‌లో నా జోడీగా ఆడే ఒకాయన్ను అన్న అని పిలుస్తాను, ఆయన పక్క నుంచి ఫోన్‌లో స్లో మోషన్ తీస్తున్నారు.

డిసెంబరు మధ్యలో

ముందూ వెనకా తేలకముందే ఇంకో సంగతి బయటపడింది. నా టాస్‌కు ఒక చోటంటూ లేదు. 40 గీత దగ్గర వేద్దామనుకున్నవి కొన్ని 80 దాకా పోతున్నాయి. ఈ స్థితిలో ఏ దూరం మంచిదో తేల్చడం కుదరదు. కాబట్టి ఈ వారమంతా చేతి మీదే పని.

ఉపయోగపడినవి చెబుతాను. బంతిని అరచేతిలో పెట్టుకోకుండా వేళ్ల చివర్ల మధ్య పట్టుకోవడం. మోచెయ్యి వంచకుండా, మణికట్టు విదిలించకుండా, భుజం నుంచి చెయ్యి మొత్తాన్ని పైకెత్తడం. నిండు గ్లాసును పై అరలో పెట్టేటప్పుడు ఎంత నిదానంగా లేపుతామో అంత నిదానం కావాలి. కంటి ఎత్తు దాటాక వేళ్లన్నీ ఒకేసారి విప్పాలి. ఆలస్యంగా విప్పితే బంతి వెనక్కి, తల మీదికి వస్తుంది. తొందరపడి విప్పితే ముందుకు పోతుంది. ముందువెనకల తేడాలో ఎక్కువ భాగం ఈ విప్పే క్షణంలోనే ఉందని వీడియోలో స్పష్టంగా కనిపించింది. బంతి తిరుగుతూ పైకి పోతోందంటే వేళ్లు ఒకేసారి విడలేదని గుర్తు.

ఇంకోటి చెయ్యి లేచే దిశ. నెట్ వైపు చూపిస్తూ చెయ్యి ఎత్తితే బంతి తిన్నగా ముందుకే పారిపోతుంది. చేతిని కుడి వైపు నెట్ స్తంభం దిశగా, ఒళ్లు పక్కకు తిరిగి ఉండగా ఎత్తితే బంతి కొంచెం వంపు తిరిగి ముందుకు, లోపలికి వస్తుంది. ఇది మా కోర్టు మార్కర్ చూపించాడు. పగలంతా బంతులు అందించే కుర్రాడు, మాలో చాలామందికంటే బాగా ఆడతాడు. నేను గీతల దగ్గర కూర్చుని కొలుస్తుంటే చూసి అన్నాడు: "గీతనే చూస్తన్నారేటి సార్? చెయ్యి ఎటెల్తందో చూడండి, బాలూ అటే ఎల్తాది."

నెలాఖరుకు బంతులు దాదాపు అన్నీ 20 సెంటీమీటర్ల వెడల్పు పట్టీలో పడుతున్నాయి. అక్కడి నుంచే అసలు పరీక్ష మొదలుపెట్టే వీలు దొరికింది.

జనవరి, సంక్రాంతి ముందు

మూడు గుర్తులూ వంతులవారీగా ప్రయత్నించాను. ప్రతి గుర్తుకూ ఒక బుట్టెడు బంతులు, అలసట ఒకదాని మీదే పడకుండా వరస మార్చి మార్చి.

40 దగ్గర: ఒళ్లు నిటారుగా ఉంటుంది, బంతి తేలికగా అందుతుంది. కానీ కాళ్లకు పనే లేదు. బరువు వెనక కాలి మీదే మిగిలిపోతోంది. స్పిన్ బాగా ఎక్కుతోంది, వేగం లేదు.

80 దగ్గర: వేగం వచ్చిందనిపిస్తుంది, వీడియోలో కథ వేరు. నడుము ముడుచుకుని తల కిందికి వంగుతోంది. చెయ్యి ముందుకు వాలి, లెక్కలో చూసిన 70 సెంటీమీటర్ల పరిస్థితే ఎదురుగా కనిపిస్తోంది. నెట్‌కు పోయినవి బాగా ఎక్కువ. పైగా బంతిని వెంబడించడంలో ముందు కాలు బేస్‌లైన్ మీదికి జారుతోంది. కొట్టకముందు కాలు గీతను గానీ కోర్టును గానీ తాకితే ఫుట్ ఫాల్ట్. గాల్లో ఉండి గీత దాటితే ఏ తప్పూ లేదు, నేల తాకితేనే. ఒకప్పుడు ఒక కాలు నేల మీదే ఉంచాలన్న నియమం ఉండేది. అది పోయాకే సర్వ్‌లో గెంతు మొదలైంది, టాస్ కూడా దాంతోపాటే కోర్టు లోపలికి జరిగింది. కాబట్టి గెంతు లేనివాడు గెంతేవాడి టాస్‌ను కాపీ కొట్టడంలో అర్థం లేదు.

60 దగ్గర: ఇదే నాకు కుదిరింది. మోకాళ్లు వంచి తుంటిని ముందుకు తోస్తే, కొట్టే క్షణానికి బంతి భుజానికి ఇంచుమించు ఒక జానెడు ముందుంటోంది. చెయ్యి తిన్నగా ఉంది. బంతి దొరకలేదని తొందరా లేదు, ఆగి ఎదురుచూడాల్సిన పనీ లేదు.

ఒక షరతు మాత్రం ఉంది. కాళ్లు అలిసిపోయిన రోజు ఇదే 60 ఎక్కువైపోతోంది. తుంటి ముందుకు రాదు, భుజం వెనకే ఉండిపోతుంది, ఆ దూరమంతా చెయ్యే పూడ్చాల్సి వస్తుంది. మూడో సెట్‌లో సర్వ్‌లు నెట్‌కు పోవడం మొదలైతే టాస్‌ను నాలుగు వేళ్లు వెనక్కి తెస్తున్నాను. చాలాసార్లు సరిపోతోంది. మనకు అలవాటైన సలహా దీనికి తలకిందులు, అలిసినప్పుడు ఇంకా ముందుకేసి బరువు వాడమంటారు. నా ఒంటికి మాత్రం అది పనిచేయడం లేదు.

పక్కవాటు గురించి ఒక్క మాట. బంతి కుడి భుజానికి బయట ఉంటే చెయ్యి పక్కకు చాచాల్సి వస్తుంది, ఎత్తు పోతుంది. బాగా సర్వ్ చేసేవాళ్లు ఒంటిని ఎడమకు వంచి, కుడి భుజాన్ని పైకి లేపి, ఇంచుమించు తలకు పైన ఉన్న బంతిని కొడతారు. మోచేతిని చెవికి ఆనించినంత నిలువుగా ఎత్తడం కాదది. భుజం కీలు ఇరుక్కోకుండా ఒంటి వంపే ఆ ఎత్తు ఇస్తుంది. భుజం నొప్పి ఉన్నవాళ్లు ముందు చూసుకోవాల్సింది ఇదేనని నా అభిప్రాయం.

ఫిబ్రవరి మొదట్లో

ఇన్నాళ్లూ పొద్దున్నే సాధన చేశాను, గాలి ఉండదు. ఈ వారం సాయంత్రానికి మార్చాను. మధ్యాహ్నం దాటాక విశాఖలో సముద్రం మీది నుంచి గాలి మొదలవుతుంది. మా కోర్టు ఉత్తర దక్షిణాలుగా ఉంది కాబట్టి అది పక్క నుంచి తగులుతుంది. దక్షిణం వైపు సర్వ్ చేసేటప్పుడు బంతిని కుడికి, బయటికి నెడుతుంది. ఉత్తరం వైపు చేసేటప్పుడు తల మీదికి తెస్తుంది.

ఎంత నెడుతుందో అంచనా వేశాను. గంటకు 18 కిలోమీటర్ల గాలిలో, నా టాస్ కొట్టే క్షణానికి దాదాపు 15 సెంటీమీటర్లు జరుగుతుంది. ఇంకో 60 సెంటీమీటర్లు ఎత్తుగా వేస్తే ఆ జరుగుడు ఇంచుమించు రెట్టింపు, ఎందుకంటే బంతి గాల్లో ఉన్న సమయం పెరిగే కొద్దీ అది ఊపు కూడా అందుకుంటుంది. స్టెఫీ గ్రాఫ్ టాస్ చాలా ఎత్తు, గొరాన్ ఇవానిసెవిచ్‌ది చాలా తక్కువ, ఇద్దరూ గొప్పవాళ్లే. కానీ సముద్రం ఒడ్డున ఆడే మామూలు ఆటగాడికి తక్కువ ఎత్తే మేలని నేను గట్టిగా చెబుతాను. గాలి ఒక్కటే కారణం కాదు. ఎత్తు నుంచి పడే బంతి వేగం కూడా ఎక్కువ. నా 3 మీటర్ల టాస్ కొట్టే చోటికి వచ్చేసరికి సెకనుకు 3 మీటర్ల వేగంతో దిగుతుంది. స్ట్రింగ్స్ పొడవంతా దాటిపోవడానికి దానికి సెకనులో పదో వంతు చాలు. అంతకంటే ఎత్తుగా వేస్తే ఆ వ్యవధి ఇంకా తగ్గుతుంది.

ఎండ ఇంకో సమస్య. చలికాలం సాయంత్రాలు సూర్యుడు నైరుతిలో కిందికి ఉంటాడు. దక్షిణం వైపు సర్వ్ చేసే కుడిచేతివాడికి టాస్ వేసే చోటే ఎండ. అప్పుడు ముందువెనకలు మార్చకుండా, నిలబడే దిశను కొద్దిగా తిప్పి బంతిని సూర్యుడికి ఎడమగా తెచ్చుకుంటున్నాను. ముందుకు ఎంత అన్న కొలతను ముట్టుకోలేదు. ఒకేసారి రెండూ మారిస్తే ఏది పనిచేసిందో తెలియదు.

ఫిబ్రవరి చివర

ప్రస్తుతానికి ఫ్లాట్ సర్వ్‌కు నేల మీద గుర్తు 60, కాళ్లు బరువెక్కితే 50. స్లైస్‌కు (బంతికి పక్కవాటు స్పిన్ ఇచ్చే సర్వ్) దూరం అదే, ఒక పిడికిలి కుడికి. కిక్ సర్వ్ (టాప్‌స్పిన్‌తో పడి ఎత్తుగా లేచేది) ఇంకా తేలలేదు. దానికి బంతి తల మీదుగా, కొంచెం ఎడమకు, తక్కువ ముందుకు ఉంటేనే రాకెట్ కింది నుంచి పైకి రాసుకుంటూ పోగలదు. 40 దగ్గర మొదలుపెట్టాను. నడుము మీద ఒత్తిడి పడుతోంది కాబట్టి రోజూ కొన్నే కొడుతున్నాను.

మూడింటికీ మూడు చోట్లు అంటే ఎదుటివాడికి ముందే తెలిసిపోతుంది. పీట్ సాంప్రాస్ గొప్పతనంలో ఒక భాగం ఇదే. ఒకే టాస్ నుంచి ఎటు కావాలంటే అటు, ఏ స్పిన్ కావాలంటే ఆ స్పిన్ కొట్టేవాడు, రిటర్న్ చేసేవాడికి ఆనవాలు దొరికేది కాదు. నేను అక్కడికి వెళ్లాలనుకోవడం లేదు. ఫ్లాట్‌నూ స్లైస్‌నూ మాత్రం ఒకే చోటు నుంచి కొట్టగలిగితే చాలు, మార్చి అంతా దాని మీదే పని. అన్న రిటర్న్ వైపు నిలబడి, బంతి ఇంకా పైకి లేస్తుండగానే ఏ సర్వ్ వస్తుందో గట్టిగా చెప్పాలి. ఆయన ఎక్కువసార్లు సరిగ్గా చెబుతుంటే స్లైస్ టాస్‌ను వేలు వేలు చొప్పున ఎడమకు తేవడం మొదలుపెడతాను.